గొంతు పోయిన రోజుల్లో లెక్కల పాఠం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు ఎక్కడైనా కలిస్తే, పదవీ విరమణ చేసినవాణ్ణి కదా అని ముందు కుర్చీ చూపిస్తారు. కాసేపయ్యాక, తరగతిలో పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం ఎలాగండీ అని మెల్లగా అడుగుతారు. ఆ విద్య నాకు బాగానే వచ్చు. అయినా చెప్పను. దాని బదులు, నేనే నిశ్శబ్దంగా కూర్చోవలసి వచ్చిన ఒక ఏడాది సంగతి చెబుతాను. వాళ్ళు మర్యాదకు వింటారు. మీరూ అలాగే వినండి, తొందరేం లేదు.

నేను లెక్కల మాస్టారిని. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను విశాఖలో పుట్టి, విశాఖలో చదివి, ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే చేశాను. నేను చెప్పబోయే బడి, పోర్టు వైపు వెళ్ళే లారీల రోడ్డుకు ఆనుకుని ఉండేది. ఇనుప చుట్టలు ఎత్తుకున్న ట్రెయిలరు వెళ్తే కిటికీ ఊచలు గడగడలాడేవి. సగం మంది పిల్లలు సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళ నుంచి, మిగతా సగం పోర్టులోనూ స్టీలు ప్లాంటులోనూ పని చేసేవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చేవారు. ఆ లారీల మోత మీద నా మాట వినపడాలంటే అరవాలి. అరిచాను. ఏళ్ళ తరబడి అరిచాను. నా పాఠానికి గంట కొట్టనక్కర్లేదని మా హెడ్‌మిస్ట్రెస్ అంటూండేవారు. పక్క గదిలో సోషల్ చదువుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్లలకు పదో తరగతి త్రికోణమితి సూత్రాలు నోటికొచ్చేశాయని ఆ టీచరు నిజంగానే ఫిర్యాదు చేసింది. నేను దాన్ని మెప్పు కిందే జమకట్టుకున్నాను.

ఆ ఏడాది వానాకాలంలో గొంతు బొంగురుపోయింది. మా ఆవిడ మిరియాల పాలు ఇచ్చింది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని పాఠం చెప్పాను. బొంగురు తగ్గలేదు సరికదా, మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. వాక్యం సగంలో గాలి మాత్రమే వచ్చేది.

మా బడిలో డ్రిల్లు మాస్టారు ఒకడుండేవాడు. ఇక్కడివాడే, ఒడ్డున ఉన్న ఊళ్ళలో పుట్టినవాడు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు గాని చేరిన మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచేవాడు. ఇద్దరం మద్దిలపాలెంలోనే ఉండేవాళ్ళం కాబట్టి పొద్దున్నే ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. బస్సులో నేను మాట్లాడకుండా కూర్చోవడం చూసి అతనికి అనుమానం వచ్చింది. ఓ సాయంత్రం నన్ను ఇంటికి వెళ్ళనివ్వకుండా తిన్నగా గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మ చిన్నావిడ. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపించి చూసింది. స్వరపేటికలో చిన్న బుడిపె ఉందనీ, తీసేయాలనీ, తీసిన ముక్కను పరీక్షకు పంపుతామనీ చెప్పింది. టీచర్లకు ఇవి మామూలేనంది. మా ఆవిడ మామూలైతే పరీక్ష ఎందుకండీ అని అడిగింది. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి, చూడటం మంచిది కదండీ అంది. ఆ ఒక్క క్షణాన్ని మా ఆవిడ ఇంటికి మోసుకొచ్చింది. పరీక్ష అన్న మాటతో ఇన్నేళ్ళు పిల్లల్ని బెదిరించిన నాకు, ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆపరేషను తేలిగ్గానే అయిపోయింది. తర్వాతి పథ్యమే కష్టమైంది. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసగా అసలే మాట్లాడకూడదు, అది మామూలు మాటకన్నా చెరుపట. దగ్గకూడదు, గొంతు సవరించకూడదు, గట్టిగా నవ్వకూడదు. ముక్క పరీక్షలో అదేమిటో ఇక్కడివాళ్ళకు తేలలేదు. ఇంకో చోటికి పంపించామని, వారాలు పట్టవచ్చని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. మేమిద్దరం ఇంట్లో ఆ సంగతి ఎత్తుకోలేదు. నేను ఎత్తలేను. ఆవిడ ఎత్తదు.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే మా హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. కృష్ణా జిల్లా ఆవిడ, నెమ్మదస్తురాలు. ఇంకో లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయాడనీ, నా బదులు ఎవరినైనా పంపమని ఆఫీసు వాళ్ళను అడిగితే చూస్తామంటున్నారనీ, పదో తరగతి లెక్కల పీరియడ్‌లో డ్రిల్లు మాస్టారు పిల్లల చేత కబడ్డీ ఆడిస్తున్నాడనీ చెప్పారు. రమ్మని అడగలేదు. చెప్పి, కాఫీ తాగి, కూర్చున్నారు. మాట్లాడనంత వరకూ బడికి వెళ్ళవచ్చని డాక్టరమ్మ అనుమతి ఇచ్చింది. మా ఆవిడకు మాత్రం ఇష్టం లేదు. ఇన్నేళ్ళు నోరు మూసుకోమంటే మూసుకోని మనిషి, ఆ పిల్లల్ని చూసి ఎలా ఊరుకుంటారని ఆవిడ వాదన. అది న్యాయమైన వాదనే.

మొదటి రోజు డ్రిల్లు మాస్టారు నాకు దుబాసీగా నిలబడ్డాడు. నేను బోర్డు మీద లెక్క రాసి, దీన్ని రెండు రకాలుగా చేయవచ్చని రెండు వేళ్ళు చూపించాను. అతను పిల్లల వైపు తిరిగి, రెండు నిమిషాలు విశ్రాంతి అంటన్నారర్రా అన్నాడు. పిల్లలు లేచి బయటికి వెళ్ళబోయారు. నేను వద్దని చేతులు ఊపాను. అందరూ ఒకేసారి వెళ్ళకండంటన్నారు అని సర్దాడు. నవ్వకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. పెదాలు బిగబట్టి, బోర్డు వైపు తిరిగి, భుజాలు అదరకుండా చూసుకున్నాను. మూడో రోజుకు అతనే తప్పుకున్నాడు.

"బావా, నీ సైగలు నాకన్నా ఆళ్ళకే బాగా తెలుస్తన్నాయి. నా గ్రౌండుకి నన్ను పోనీ."

అతను వెళ్ళాక అసలు కష్టం మొదలైంది. అంతవరకూ నా పద్ధతి ఇది: ప్రశ్న వేస్తాను, ఒకరిద్దరి మొహాలు చూస్తాను, ఊపిరి పీల్చి వదిలేలోగా జవాబు నేనే చెప్పేస్తాను. మంచి మాస్టారంటే ధారగా చెప్పేవాడని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ప్రశ్న బోర్డు మీద ఉంది, జవాబు నా గొంతులో ఉంది, గొంతుకు తాళం ఉంది. గదిలో ఎవరూ మాట్లాడరు. ఫ్యాను శబ్దం, రోడ్డు మీద లారీలు. ఆ ఖాళీ ఎంత పొడుగ్గా ఉంటుందో చెబితే మీరు నమ్మరు. రేపు మీ తరగతిలో ఒక ప్రశ్న వేసి, మీ పేరు మీరు మనసులో ఇరవై సార్లు అనుకునేంత సేపు ఆగి చూడండి. ఒళ్ళంతా చీమలు పాకుతాయి.

ఆ ఖాళీని మొదట భరించలేకపోయింది కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి. వాళ్ళ నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ హార్బరులో చేపలు అమ్ముతుంది. జూన్ నుంచీ ఆ పిల్ల గొంతు నేను హాజరు వేసేటప్పుడు తప్ప విన్నట్టు లేదు. లేచి, "మాస్టారూ, నాకు సగం తెల్సండి. సగం సెప్పొచ్చా?" అంది.

సుద్దముక్క చాపాను. వచ్చి సగం చేసింది. మిగతా సగం వెనక బెంచీలోంచి ఎవరో అందించారు. అందించింది తప్పు. ఇంకొకడు కాదన్నాడు. నేను కుర్చీలో కూర్చుని ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాను. ఎవరికి ఎక్కడ ముడి పడిందో అప్పుడు కనపడింది. మాట్లాడుతున్నంత సేపూ మనకు పిల్లల మొహాలు కనపడతాయనుకుంటాం. నిజానికి మనం చెప్పబోయే తర్వాతి వాక్యమే కనపడుతుంది.

వారం గడిచేసరికి ఆ గదిలో గోల మొదలైంది. వాళ్ళ మాటల్లో వాళ్ళు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, 'అలగ కాదే, ఇటు సూడు' అంటూ లెక్కలు చేసేవారు. గొంతు బాగున్న రోజుల్లో అయితే 'నాను' కాదు 'నేను' అని మధ్యలో దిద్దేవాణ్ణి. ఇప్పుడా సదుపాయం లేదు. దిద్దకపోయేసరికి వాళ్ళకు మాట ఎక్కువ వచ్చింది. సోషల్ టీచరు ఒకసారి తలుపు తోసి చూసింది. లోపల మాస్టారు ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

అందరికీ ఇది నచ్చిందనుకోకండి. మా తరగతిలో అందరికన్నా బాగా చదివే అబ్బాయి తండ్రి స్టీలు ప్లాంటులో ఉద్యోగి. ఆయనకు కొడుకు చదువే లోకం. ఓ రోజు డ్యూటీ దిగి, యూనిఫారంతోనే బడికి వచ్చాడు. పద్ధతైన మనిషే, గొడవకు రాలేదు. నా ఎదురుగా నిలబడి, "ఏమనుకోకండి మాస్టారూ. పదో తరగతండి. సైగలతో లెక్కలొస్తాయా? మావాడు ఇంటికొచ్చి, ఇవాళ ఫలానా అమ్మాయి చెప్పింది, రేపు నేను చెప్పాలి అంటున్నాడు. మరి మాస్టారేం చేస్తున్నట్టండీ?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు ఉంది. కానీ అది సైగకు లొంగే జవాబు కాదు. హెడ్‌మిస్ట్రెస్ ఏదో సర్దిచెప్పారు. ఆయనకు తృప్తి కలగలేదు. పైవాళ్ళకు అర్జీ పెట్టాడు. తప్పేముంది, నా కొడుకైతే నేనూ పెట్టేవాణ్ణి. పదిరోజులు తిరక్కుండా తనిఖీకి వస్తున్నామని ఆఫీసు నుంచి కబురు వచ్చింది.

వచ్చే అధికారి ఒకప్పుడు పేరుమోసిన లెక్కల మాస్టారు. తరగతిలోకి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడనీ, నచ్చకపోతే అక్కడే లేచి తనే పాఠం చెప్పేస్తాడనీ చెప్పుకునేవారు. మా హెడ్‌మిస్ట్రెస్‌కు నిద్ర పట్టలేదు. ఆ ఒక్క రోజుకూ సైన్సు మాస్టారి చేత లెక్కలు చెప్పిద్దామన్నారు. డ్రిల్లు మాస్టారు బస్సులో ఇంకో సలహా ఇచ్చాడు.

"సెలవెట్టీ బావా. జబ్బు మనిషివి, ఎవులేటంతారు? ఆడొచ్చి ఎల్పోతాడు. నీ మీద రాసీసేడంటే, ఈ ఒంట్లో బాగోని టైములో నీకెందుకు సెప్పు?"

సెలవు పెడదామనే అనుకున్నాను. ఆ వారం ఆసుపత్రి వాళ్ళు ఎప్పుడైనా ఫోను చేయవచ్చన్నారు. రెండు పరీక్షలు ఒకసారే రాయగల ఓపిక నాలో లేదు. కానీ ఇంట్లో కూర్చుంటే ఫోను వంకే చూస్తూ కూర్చోవాలి. దానికన్నా తనిఖీయే నయమనిపించింది. అంతేగాని ధైర్యం కాదు. పొద్దున్న బస్సు దిగాక ఫోను డ్రిల్లు మాస్టారి చేతిలో పెట్టాను. వస్తే ఎలాగూ నేను మాట్లాడలేను.

ఆ రోజు పాఠం సంభావ్యత. అధికారి అందరూ చెప్పుకున్నట్టే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పొడగరి, బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. విచారణకు రమ్మన్నారు కాబట్టి ఆ అబ్బాయి తండ్రి కూడా వరండాలో, కిటికీ అవతల ఉన్నాడు. నేను బోర్డు మీద ఇలా రాశాను: రెండు రూపాయి బిళ్ళలు ఒకేసారి ఎగరేశాం. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే సంభావ్యత ఎంత?

రాసి కుర్చీలో కూర్చున్నాను. అధికారి నా వంక చూశాడు. నేను పిల్లల వంక చూశాను.

కిటికీ పక్క అమ్మాయి లేచింది. ఆవేళ లేవకపోతే బాగుండునని ఒక్క క్షణం నాకూ అనిపించింది. బోర్డు దగ్గరికి వచ్చి, రెండూ బొమ్మలు పడొచ్చు, రెండూ బొరుసులు పడొచ్చు, లేదా ఒకటి అది ఒకటి ఇది పడొచ్చు, మొత్తం మూడు రకాలు, కాబట్టి మూడింట ఒకటి అని రాసి నా వైపు తిరిగింది.

తప్పు. లెక్కలు తెలిసిన వాళ్ళకు అది పాత తప్పు. స్టీలు ప్లాంటు ఉద్యోగి కొడుకు వెంటనే లేచి, కాదు, సగం అన్నాడు. బొమ్మ-బొరుసు వేరు, బొరుసు-బొమ్మ వేరు, మొత్తం నాలుగు అన్నాడు.

"ఏటి వేరు? రెండూ రూపాయి బిళ్ళలే కదా. కిందడ్డాక ఏది ఏదో నీకెలగ తెల్సు?" అంది అమ్మాయి.

అతను మళ్ళీ నాలుగు అన్నాడు. ఆమె మళ్ళీ ఎలాగ అంది. పుస్తకంలో అలాగే ఉందన్నాడు. పుస్తకం బిళ్ళలు ఎగరేసిందా అంది. గది రెండుగా చీలింది. ఎక్కువమంది ఆ అమ్మాయి వైపే ఉన్నారు. వెనక బెంచీ కదిలింది. అధికారి లేచి నిలబడి, అమ్మా, నీ జవాబు తప్పు, ఎందుకంటే అని మొదలుపెట్టాడు.

నా చెయ్యి లేచింది. ఆలోచించి ఎత్తింది కాదు. కొన్ని వారాలుగా ఎవరైనా తొందరపడి జవాబు చెప్పబోతే ఆగమని అరచెయ్యి చూపించడం అలవాటైపోయింది. ఎదురుగా ఉన్నది పదో తరగతి పిల్లాడు కాదనీ, నా ఉద్యోగం మీద రాయగల మనిషనీ చెయ్యి లేచాకే గుర్తొచ్చింది. గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు మూసుకున్నారు. ఎత్తడమే అమర్యాద, దించకపోవడం అంతకన్నా అమర్యాద. దించలేదు.

అధికారి నా చెయ్యి వంక చూశాడు. తర్వాత పిల్లల వంక చూశాడు. వాళ్ళెవరూ ఆయన్ని చూడటం లేదు, బోర్డు వంకే చూస్తున్నారు. ఆయన కూర్చున్నాడు.

ఎవరో ఎగరేసి చూద్దామన్నారు. జేబుల్లోంచి, పెన్సిలు డబ్బాల్లోంచి బిళ్ళలు బయటికి వచ్చాయి. బెంచీకో జట్టు. కాసేపు గది నిండా బిళ్ళలు రాలిన చప్పుడు, గీతలు గీసుకున్న చప్పుడు. అన్నీ బోర్డు మీదికి ఎక్కించేసరికి ఒకటి బొమ్మ ఒకటి బొరుసు పడ్డవి ఇంచుమించు సగం వచ్చాయి. అబ్బాయి గెలిచినట్టు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు, ఒప్పుకోనూ లేదు. బోర్డు వంక చూస్తూ, సగం ఎందుకొచ్చింది అని తనలో తను అనుకుంటోంది. ఆ అబ్బాయిని అడిగింది. అతను తల దించుకుని, "జవాబు తెలుసు. ఎందుకో తెలీదు" అన్నాడు. కిటికీ అవతల వాళ్ళ నాన్న ఉన్నాడని అతనికి తెలుసు. అయినా నిజం చెప్పాడు. ఆ రోజు నాకు చాలా నచ్చిన మాటల్లో అదొకటి.

అమ్మాయి పక్కవాళ్ళ దగ్గర ఒక ఐదు రూపాయల బిళ్ళ తీసుకుంది. చేతిలో ఉన్న రెండింట్లో ఒక రూపాయి తీసేసి, దాని బదులు ఇది పెట్టింది. ఎగరేసింది. చూసింది. మళ్ళీ ఎగరేసింది. అప్పుడు మెల్లగా మాట వచ్చింది.

"ఇదిగో, పెద్దది బొమ్మ, సిన్నది బొరుసు. ఇప్పుడు సిన్నది బొమ్మ, పెద్దది బొరుసు. రెండు దార్లున్నాయి. రెండూ ఒకేలాగుంటే మనకి తెల్దు గాని, బిళ్ళలకి తెల్సు కదా."

బోర్డు మీద మూడింట ఒకటి తుడిచి నాలుగింట రెండు అని వేసింది.

ముప్ఫై ఏళ్ళు ఆ లెక్క చెప్పాను. బిళ్ళలకి తెలుసు అన్న మాట నాకు ఒక్కసారీ తట్టలేదు.

అధికారి లేచి ముందుకు వచ్చాడు. ఇది మీ మాస్టారు ముందే చెప్పారా అని ఆ అమ్మాయిని అడిగాడు. ఆమె నిజాయితీగా, "మాస్టారు ఏటీ సెప్పరండి. సూత్తారంతే" అంది.

హెడ్‌మిస్ట్రెస్ గుమ్మం పట్టుకున్నారు. ఇన్నేళ్ళ నా సర్వీసుకు ఇదే చివరి వాక్యమవుతుందని నేననుకున్నాను. అధికారి ఆ అమ్మాయి చేతిలోంచి రెండు బిళ్ళలూ తీసుకుని తనూ ఒకసారి ఎగరేసి చూసుకుని, తిరిగి ఇచ్చేశాడు.

స్టాఫ్ రూములో టీ తాగుతూ ఆయన ఎక్కువ మాట్లాడలేదు. తను ఆ లెక్క చెప్పినన్నాళ్ళూ నాలుగూ వరసగా బోర్డు మీద రాయించి కంఠతా పట్టించేవాణ్ణని మాత్రం చెప్పాడు. అబ్బాయి తండ్రిని పిలిపించాడు. ఆయన వచ్చి, మావాడికి మార్కులు తగ్గవు కదండీ అని ఒకటే అడిగాడు. తగ్గవన్నాడు అధికారి. ఎందుకో తెలుసుకున్నవాడికి తగ్గవండీ అని కలిపాడు. తండ్రి నా వైపు తిరిగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. పూర్తిగా నమ్మాడని చెప్పలేను. కొంత నమ్మాడు.

వెళ్ళే ముందు అధికారి నన్ను, గొంతు ఎప్పుడొస్తుందన్నారు అని అడిగాడు. తెలియదని చెయ్యి తిప్పాను.

"తొందరేం లేదు లెండి" అన్నాడు, నవ్వుతూ.

ఆయన జీపు గేటు దాటిందో లేదో, మైదానం అవతలి నుంచి డ్రిల్లు మాస్టారు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఇతరుల్ని పరిగెత్తించడమే గాని తను పరిగెత్తగా నేను చూసి చాలా ఏళ్ళయింది. పొట్ట ఊగుతోంది. ఫోను చేతిలో పైకెత్తి పట్టుకున్నాడు. నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను. మొహం చూసి కనిపెడదామంటే అతను ఆయాసంతో మొహం చిట్లించుకుని ఉన్నాడు. దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చాడు.

"ఏటీ నేదంట బావా. ఉత్త బుడిపేనంట. మరేటీ నేదంట."

ఆ మాట అని అతను ఏడ్చేశాడు. నాకూ ఏడుపు వచ్చింది గాని, శబ్దం రాకుండా ఏడవాలి. నోరు తెరిచి, గాలి పీల్చుకుంటూ, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి, ఏమీ అడగకుండా పక్క మెట్టు మీద కూర్చున్నారు. బడిలో ఆవిడ మెట్టు మీద కూర్చోవడం అదే మొదలు, అదే ఆఖరు.

అతనే మా ఇంటికి ఫోను కలిపి, చెప్పి, నా చెవి దగ్గర పెట్టాడు. అవతలి నుంచి మా ఆవిడ, "ఉన్నారా అండీ?" అంది. నేను ఫోను మీద గోటితో టకటకమని కొట్టాను. "నిజమేనంటారా?" అంది. మళ్ళీ కొట్టాను. ఇంకేం అడగాలో తెలియక, "అన్నం తిన్నారా?" అంది. తినలేదు. అయినా కొట్టాను. ఆ రోజు ఏది అడిగినా అవుననే కొట్టేవాణ్ణి.

సాయంత్రం మద్దిలపాలెంలో దిగాక డ్రిల్లు మాస్టారు మిరపకాయ బజ్జీలు కొన్నాడు. నాకు కారం నిషిద్ధం కాబట్టి నా వాటా కూడా తనే తిన్నాడు. తింటూ, తన పరుగు గురించి ఇంటికెళ్ళేదాకా చెప్పాడు. వినడం హాయిగా ఉంది.

ఫలితాల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరు నన్ను నమ్మరు. ఆ ఏడాది మా పిల్లలందరూ బ్రహ్మాండంగా చేశారని అనను. ఆ అబ్బాయికి వాళ్ళ నాన్న కోరుకున్న మార్కులే వచ్చాయి. కిటికీ పక్క అమ్మాయి మంచి మార్కులతో పాసై పాలిటెక్నిక్‌లో చేరింది. మాటకారులు మాట్లాడుకుంటుంటే వెనక హాయిగా కూర్చున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కారు. మాస్టారు ఊరుకుంటే చాలు అందరూ నేర్చేసుకుంటారని నేను చెప్పడం లేదు. ఊరుకున్నప్పుడు కూడా పని ఉంటుంది. ఎవరు తప్పించుకుంటున్నారో చూడాలి, వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడాలి. అది నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. మీకు నేను చెప్పగలిగింది ఒకటే. ప్రశ్న వేశాక ఆగండి. తప్పు జవాబు వచ్చినప్పుడు ఇంకొంచెం ఎక్కువసేపు ఆగండి. మీరు గొంతు పోగొట్టుకోనవసరం లేకుండానే ఇది చేయవచ్చు. నాకు ఆ తెలివి లేకపోయింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక డాక్టరమ్మ మళ్ళీ గొట్టం పెట్టి చూసి, గాయం మానింది, మెల్లగా మాట్లాడవచ్చు అంది. ఏదైనా అనండి, విందాం అంది. ఇన్నేళ్ళు ఆపకుండా మాట్లాడినవాడికి ఏమనాలో తోచలేదు. పక్కన మా ఆవిడ చీర కొంగు వేళ్ళకు చుట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఇంటికెళ్దామా?" అన్నాను.

గొంతు నాదిలా లేదు. సన్నగా, కొత్తగా ఉంది. మా ఆవిడ తల ఊపింది గాని కుర్చీలోంచి లేవలేకపోయింది.

మర్నాడు బడికి వెళ్ళి, పిల్లలందరికీ వినపడేలా నమస్కారం చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో త్రికోణమితి మొదలుపెట్టాను. మాట వస్తోంది, తెగడం లేదు, వాక్యం వెనక వాక్యం సాఫీగా నడుస్తోంది. చాలా సంతోషంగా ఉంది. పిల్లలు చేతులు కట్టుకుని బుద్ధిగా వింటున్నారు. గది నిశ్శబ్దంగా ఉంది. అలా ఎంతసేపు చెప్పానో తెలియదు. మూడో బెంచీలో ఒకడు నోరంతా తెరిచి ఆవులించాడు.

నా గొంతు పూర్తిగా బాగుపడిందని అప్పుడు నమ్మకం కుదిరింది. సుద్దముక్క వాడి చేతికిచ్చి, వెళ్ళి కూర్చున్నాను.